దెబ్బ తగలకుండానే పగిలే ప్లీహం

"ఎక్కడైనా పడ్డారా? బండి యాక్సిడెంటేమైనా అయిందా?" స్కానింగులో కడుపులో రక్తం కనపడి, ప్లీహం (స్ప్లీన్) చిట్లిందని తేలగానే క్యాజువాలిటీ డాక్టరు అడిగే మొదటి ప్రశ్న ఇది. ఎక్కువమంది విషయంలో జవాబు అవుననే వస్తుంది. స్కూటరు హ్యాండిల్ పొట్టలో గుచ్చుకుంది, చెట్టు మీంచి జారాడు, ఎద్దు పొడిచింది. ఎప్పుడో ఒకసారి మాత్రం, "ఏం లేదండీ, పొద్దున గట్టిగా దగ్గాను, అంతే, ఎడమ డొక్కలో ఏదో తెగినట్టయింది" అనే మనిషి వస్తాడు. భార్యను పక్కకు పిలిచి అడిగినా అదే మాట. ఒంటి మీద కమిలిన మచ్చ కూడా ఉండదు. అలాంటి కొందరిలో, ఆపరేషన్ చేసి తీసిన ప్లీహాన్ని ల్యాబుకు పంపితే కొద్ది రోజులకు రిపోర్టు వస్తుంది: లింఫోమా. తనకు క్యాన్సర్ ఉన్నట్టు అప్పటిదాకా ఆ మనిషికి తెలియనే తెలియదు.

వైద్య భాషలో దీన్ని స్పాంటేనియస్ రప్చర్ అంటారు. తనంతట తాను పగలడం అని. పేరు వాడుకకు బాగానే ఉంది గానీ కొంత మోసం చేస్తుంది. తనంతట తాను అనగానే కారణం వెతికే పని తప్పిపోయినట్టు అనిపిస్తుంది. లింఫోమా ఉన్న ప్లీహంలో ఆ కారణం వారాలో నెలలో ముందు నుంచే లోపల పని చేసుకుంటూ వచ్చి ఉంటుంది. దగ్గు దాన్ని బయటపెట్టింది, అంతే. ఇది చాలా అరుదైన ఘటన అన్నది నిజం. లింఫోమా ఉన్నవాళ్లలో అత్యధికులకు ప్లీహం పగలదు. పగిలినప్పుడు మాత్రం ఆలోచించుకోవడానికి గంటల వ్యవధే ఉంటుంది కాబట్టి, ఈ అరుదైన దాని గురించి తెలిసి ఉండటం అవసరం.

ప్లీహం అనే మాట బడి పుస్తకంలోది. పల్లెల్లో దీని సంగతి చెప్పేటప్పుడు 'బల్ల' అంటారు. కడుపులో బల్ల పెరిగిందంటే ప్లీహం ఉబ్బి పొట్ట ఎడమ పక్క చేతికి గట్టిగా తగులుతోందని అర్థం. ఆయుర్వేదం ఎనిమిది రకాల ఉదర రోగాల్లో ఒకదానికి ప్లీహోదరం అని పేరే పెట్టింది. మామూలు ప్లీహం పిడికిలంత ఉంటుంది, బరువు సుమారు 150 గ్రాములు. ఎడమ పక్క 9వ పక్కటెముక నుంచి 11వ దాకా, వాటి చాటున, ఛాతీని పొట్టను వేరుచేసే కండర పొర డయాఫ్రం కింద ఒదిగి ఉంటుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్నప్పుడు పొట్ట నొక్కితే తగలదు. రెండు మూడింతలు పెరిగితే గానీ వేళ్లకు అందదు.

దీని లోపలి తీరు తెలిస్తే పగలడం ఎందుకంత ప్రమాదమో అర్థమవుతుంది. గుండె కొట్టే రక్తంలో దాదాపు 5 శాతం ఈ చిన్న అవయవం గుండా పోతుంది. నిమిషానికి 5 లీటర్లు అనుకుంటే పావు లీటరు ప్లీహానిది. రోజుకు లెక్క కడితే 350 లీటర్లకు పైనే. అంత రక్తాన్ని వడబోసే కండ లోపల స్పాంజిలా మెత్తగా ఉంటుంది. చుట్టూ ఉన్న పొర మందం ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. కాలేయానికో పేగుకో వేసినట్టు దీనికి కుట్టు వేయబోతే దారమే కండను కోసుకుపోతుందని సర్జన్లు చెబుతారు.

లింఫోమా అంటే లింఫోసైట్లు అనే తెల్ల కణాల క్యాన్సర్. ఇళ్లల్లో 'బ్లడ్ క్యాన్సర్' అనేస్తారు, కొందరు 'గడ్డల క్యాన్సర్' అంటారు. మెడలోనో చంకలోనో గజ్జల్లోనో నొప్పి లేని గడ్డగా మొదలవడం దీనికి అలవాటు కాబట్టి ఆ పేరు వచ్చింది. కానీ లింఫోసైట్లు కాపురముండే చోట్లలో ఒక్క ముక్కగా అన్నిటికన్నా పెద్దది ప్లీహమే. ఎర్రటి కండ మధ్య తెల్ల చుక్కల్లా కనిపించే భాగమంతా వాటి ఇలాకా. 1832లో లండన్ గైస్ ఆసుపత్రిలో పనిచేసిన థామస్ హాడ్జ్‌కిన్ ఈ జబ్బును మొదట వర్ణించిన పత్రం శీర్షికలోనే లింఫు గ్రంథులతో పాటు ప్లీహం పేరూ ఉంది. ఆయన ముందు ఉన్నవి పోస్ట్‌మార్టం బల్ల మీద చూసిన అవయవాలు. జబ్బుకు హాడ్జ్‌కిన్ పేరు పెట్టింది మాత్రం 1865లో శామ్యూల్ విల్క్స్.

మరి లింఫోమా ప్లీహాన్ని ఎలా పగలగొడుతుంది? ఒక్క దారి కాదు. క్యాన్సర్ కణాలు నిండుకుంటూ పోయి కండను ఉబ్బించి, పై పొరలోకే చొచ్చుకుపోయి దాన్ని బలహీనం చేయడం ఒకటి. ఇంకోటి కాస్త చాటుమాటుగా జరుగుతుంది. ఉబ్బిన కండలో చిన్న రక్తనాళాలు మూసుకుపోతాయి, రక్తం అందని ముక్క చచ్చుబడుతుంది, ఆ చచ్చుబడిన చోట నెత్తురు కారి పొర కింద బొబ్బలా చేరుతుంది. ఈ బొబ్బ గంటలో పగలొచ్చు, నాలుగు రోజులకూ పగలొచ్చు. మూడోది రక్తం గడ్డకట్టే శక్తి తగ్గడం. ఎముక మజ్జలోకి లింఫోమా పాకినా, పెద్దదైన ప్లీహం ప్లేట్‌లెట్లను తనలోనే ఆపేసుకున్నా, కారడం మొదలైన రక్తం ఆగదు. మామూలుగా ఇవన్నీ కలిసే ఉంటాయి. ఇక చివరి తోపుకు పెద్ద బలమేమీ అక్కర్లేదు. తుమ్ము, వాంతి, మలబద్ధకంతో ముక్కడం, మంచం మీద పక్కకు దొర్లడం చాలు. డయాఫ్రం పై నుంచి, పొట్ట కండరాలు ముందు నుంచి ఒక్క క్షణం నొక్కుతాయి.

పెరిగిన వేగం కూడా లెక్కలోకి వస్తుంది. ఏళ్ల తరబడి మెల్లగా పెరిగిన ప్లీహం పొర ఒక్కోసారి మందమెక్కి కొంత తట్టుకుంటుంది. వారాల్లో ఉబ్బిన దానికి ఆ వెసులుబాటు ఉండదు. త్వరత్వరగా పెరిగే డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమా లాంటివి ప్లీహంలో చేరితే భయం ఎక్కువ అందుకే. అలాగని మిగతా రకాల్లో పగలదనీ కాదు. మాంటిల్ సెల్, స్ప్లీనిక్ మార్జినల్ జోన్ రకాల్లోనూ, హాడ్జ్‌కిన్ లింఫోమాలోనూ పగిలిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

జబ్బు ప్లీహం చిన్న ఒత్తిడికే పగులుతుందన్న ఈ మాటకు మన దేశంలో ఒక చేదు చరిత్ర కూడా ఉంది. 1875లో ఆగ్రాలో ఫుల్లర్ అనే ఇంగ్లీషు ప్లీడరు, సమయానికి బండి దగ్గర లేడని తన గుర్రపు సాయిసును కొట్టాడు. కాసేపటికే ఆ మనిషి ప్రాణం పోయింది. ప్లీహం అప్పటికే జబ్బుతో పెరిగి ఉంది, చాలా స్వల్పమైన దెబ్బకో పడటానికో కూడా పగిలేదే అని డాక్టరు చెప్పాడు. మేజిస్ట్రేటు వేసిన శిక్ష 30 రూపాయల జరిమానా. 1876లో వైస్రాయి లిట్టన్ ఈ తీర్పును బాహాటంగా తప్పుబట్టాడు. ఆ రోజుల్లో మలేరియా ఊళ్లల్లో బల్ల లేని మనిషి అరుదు. నౌకరు చచ్చిపోతే 'పెరిగిన ప్లీహం' దొరలకు చేతికందిన సాకు అయింది. డాక్టరు చెప్పిన శరీరశాస్త్రంలో తప్పు లేదు. దాన్ని కోర్టు వాడుకున్న తీరే తప్పు. దెబ్బకీ దెబ్బ లేకపోవడానికీ మధ్య గీత ఎంత పలచనో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఇప్పటికీ ఇలాంటి మరణం మీద పోస్ట్‌మార్టం జరిగితే, ప్లీహాన్ని మైక్రోస్కోపు కింద చూడకుండా దెబ్బ వల్లేనని గానీ కాదని గానీ రాసేయడం తొందరపాటు.

ఆ గీత గీయడానికి వైద్యులు కూడా ప్రయత్నించారు. 1958లో ఓర్లాఫ్, పెస్కిన్ అనే ఇద్దరు నాలుగు షరతులు పెట్టారు. ఎంత గుచ్చి అడిగినా దెబ్బ ఊసు ఉండకూడదు. ప్లీహాన్ని దెబ్బతీసే జబ్బు వేరే అవయవాల్లో కనపడకూడదు. పాత గాయం తాలూకు అతుకులు ప్లీహం చుట్టూ ఉండకూడదు. చివరిగా ప్లీహం కంటికీ మైక్రోస్కోపుకీ మామూలుగానే కనిపించాలి. ఇవన్నీ ఉంటేనే అసలైన స్పాంటేనియస్ అనాలన్నారు. ఈ కొలతతో చూస్తే లింఫోమాతో పగిలింది స్పాంటేనియస్ కానే కాదు. దాన్ని జబ్బు వల్ల పగలడం, అంటే పథలాజికల్ రప్చర్ అనాలి. వాడుకలో మాత్రం రెండూ కలిసిపోయాయి. 2009లో ఒక బ్రిటిష్ సర్జరీ పత్రికలో వచ్చిన సమీక్ష దెబ్బ తగలకుండా ప్లీహం పగిలిన 845 మంది వివరాలు పోగేసింది. ఏ కారణమూ దొరకని మామూలు ప్లీహాలు అందులో 7 శాతం లోపే. సుమారు 30 శాతం మందిలో కారణం క్యాన్సర్లు, వాటిలోనూ ఎక్కువ వాటా లింఫోమా, లుకేమియాల లాంటి రక్త సంబంధ క్యాన్సర్లదే. ఇన్ఫెక్షన్లు 27 శాతం దాకా ఉన్నాయి. మొత్తం మీద 12 శాతం మంది చనిపోయారు. ప్లీహం బాగా పెరిగినవాళ్లు, వయసు మళ్లినవాళ్లు, క్యాన్సర్ ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువని తేలింది.

ఇన్ఫెక్షన్ల మాట మన దగ్గర ఇంకా గట్టిగా చెప్పుకోవాలి. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టింది సికింద్రాబాద్‌లోనే. ఒక ఊళ్లో మలేరియా ఎంతుందో పిల్లల పొట్టలు తడిమి, పెరిగిన ప్లీహాలు లెక్కపెట్టి చెప్పే పద్ధతి 1848 నాటికే ఇండియాలో మొదలైంది. ఇంత చరిత్ర ఉన్న చోట జ్వరం, ప్లీహం వాపు, ప్లేట్‌లెట్లు తగ్గడం కలిసి కనిపిస్తే వానాకాలంలో ఎవరి నోటనైనా వచ్చే మాట డెంగీ, లేదంటే మలేరియా. ఎక్కువసార్లు ఆ మాటే నిజమవుతుంది. ఆ జ్వరాల్లోనూ ప్లీహం పగలొచ్చు. చిక్కల్లా రక్తపరీక్షల్లో అవేమీ తేలకపోయినా 'వైరల్ ఫీవరై ఉంటుంది' అని ఫైలు మూసేసినప్పుడు వస్తుంది. రెండు నెలల కిందట తగ్గిందనుకున్న జ్వరమే లింఫోమా మొదటి గుర్తు అయి ఉండొచ్చు.

పగిలిన రోజు రోగి ఎలా కనిపిస్తాడన్నది మరో చిక్కుముడి. ఎడమ డొక్క పైభాగంలో నొప్పి, కాసేపటికి పొట్టంతా పాకడం, చల్లటి చెమటలు, కళ్లు తిరగడం, లేచి నిలబడితే పడిపోవడం. వీటితో పాటు ఎడమ భుజం కొసన నొప్పి. భుజానికేం కాలేదు. కారిన రక్తం డయాఫ్రం అడుగున చేరి అక్కడి నరాన్ని రేపుతుంది. ఆ నరమూ, భుజం చర్మం నరాలూ మెడ దగ్గర వెన్నుపాములో ఒకే చోట మొదలవుతాయి, అందుకని మెదడు పొరబడి భుజం నొప్పిగా లెక్కేస్తుంది. జర్మన్ సర్జన్ హాన్స్ కేర్ పేరుతో దీన్ని కేర్ గుర్తు అంటారు. పడుకోబెట్టి కాళ్లు పైకెత్తితే కొందరిలో ఈ నొప్పి పెరుగుతుంది.

ఎడమ భుజం, చెమటలు, బీపీ డౌన్. ఇంతవరకు విన్న ఎవరికైనా గుండెపోటే గుర్తొస్తుంది. ఇంట్లోవాళ్లు ముందు 'గ్యాస్ నొప్పి' అని సోడా తాగించి ఉంటారు, తర్వాత గుండె అని టెన్షన్ పడి పరిగెత్తుకొస్తారు. ఈసీజీ స్పష్టంగా లేకపోయినా గుండెపోటే అనుకుని రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు ఇచ్చేస్తే పగిలిన ప్లీహానికి అంతకన్నా కీడు ఉండదు. ఇంకో ఉచ్చు హిమోగ్లోబిన్. రక్తం కారిన మొదటి గంటలో పరీక్ష చేస్తే అది దాదాపు మామూలుగానే వస్తుంది. పోయింది కణాలూ ద్రవమూ కలిసిన రక్తం కాబట్టి మిగిలిన దాని చిక్కదనం వెంటనే మారదు. సెలైన్ ఎక్కాక, ఒంట్లోని నీరు రక్తంలోకి చేరాక గానీ అంకె పడిపోదు. ఆ లోపు నిజం చెప్పేది నాడి. అది 120 దాటి కొట్టుకుంటుంటే 12 గ్రాముల హిమోగ్లోబిన్ చూసి ధీమా పడకూడదు. మంచం పక్కనే రెండు మూడు నిమిషాల్లో చేసే అల్ట్రాసౌండ్ పొట్టలో ద్రవం ఉందో లేదో చెప్పేస్తుంది. రోగి నిలకడగా ఉంటే కాంట్రాస్ట్ సీటీ ప్లీహం ఎంత పెద్దదో, ఎక్కడ చిట్లిందో, ఇంకా కారుతోందో లేదో చూపిస్తుంది. చుట్టుపక్కల లింఫు గడ్డలు పెరిగి ఉంటే అవీ అందులోనే పడతాయి. ఆ సంగతి రిపోర్టు చివరి లైనులో ఉండి, తెల్లవారుజాము హడావిడిలో ఎవరూ చదవకపోవడం జరిగే పనే.

బీపీ నిలబడకపోతే ఆపరేషన్ చేసి ప్లీహం తీసేయడమే దారి. రక్తం ఎక్కిస్తూనే థియేటరుకు తీసుకెళ్తారు. నిలకడగా ఉన్నవాళ్లలో గజ్జ దగ్గరి నాళం నుంచి సన్నటి గొట్టం పంపి ప్లీహం ధమనిని మూసేసే ఎంబోలైజేషన్ పద్ధతి ఉంది. దెబ్బలతో చిట్లిన ప్లీహాన్ని ఇప్పుడు వీలైనంతవరకు తీయకుండానే కాపాడుతున్నారు, పిల్లల్లో మరీ. లింఫోమా అనుమానం ఉన్నప్పుడు అదే సూత్రాన్ని గుడ్డిగా వాడితే కుదరదు. జబ్బుతో నిండిన కండ మళ్లీ కారొచ్చు. పైగా ధమని మూసి రక్తం ఆపేసి ఇంటికి పంపితే, జబ్బేమిటో చెప్పే ముక్క చేతికి రాదు. సూదితో ప్లీహం బయాప్సీ చేయడానికి రక్తస్రావం భయంతో చాలామంది వెనకాడతారు. మెడలో గడ్డ లేకుండా ప్లీహంలోనే దాక్కున్న లింఫోమా ఆలస్యంగా బయటపడటానికి ఇదీ ఒక కారణమే. అలాంటి ప్రైమరీ స్ప్లీనిక్ లింఫోమా మొత్తం లింఫోమాల్లో ఒకటి రెండు శాతం మించదు.

ప్లీహం తీసిన తర్వాత జరిగేది చిన్న పనే, కానీ మిగతా కథంతా దాని మీదే ఆధారపడుతుంది. అర్ధరాత్రి తీసిన కిలో బరువు ప్లీహాన్ని పెద్ద డబ్బాలో, కండ కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం పోసి ముంచేస్తారు. ఫార్మలిన్ గంటకు ఒక మిల్లీమీటరు చొప్పున లోపలికి ఇంకుతుంది. కోయకుండా అలాగే వదిలేస్తే పై అంచు నిలుస్తుంది, నడుమ కండ మర్నాటికి కుళ్లి మెత్తబడుతుంది. లింఫోమా రకం తేల్చాలంటే కణాల మీది గుర్తులకు రంగులద్ది చూడాలి. పాడైన కండ మీద ఆ రంగులు నమ్మకంగా పట్టవు. అందుకే వెంటనే రొట్టెముక్కల్లా పలచగా కోసి ముంచాలి. వీలైతే ఒక ముక్క ఫార్మలిన్ తగలకుండా పచ్చిగా ఫ్లో సైటోమెట్రీకి, అంటే కణాలను ఒక్కొక్కటిగా పరీక్షించి రకం తేల్చే యంత్రానికి పంపాలి. కోసినప్పుడు కనిపించేదీ కొంత చెబుతుంది. నెమ్మది రకాల్లో ఎర్రటి కండంతా తెల్లటి చిన్న చుక్కలు చల్లినట్టు ఉంటుంది, దూకుడు రకాల్లో చేప కండలాంటి తెల్లటి ముద్దలు పేరుకుని ఉంటాయి. మోనోన్యూక్లియోసిస్ అనే వైరస్ జ్వరంలో ప్లీహం పగిలినప్పుడు కణాలు లింఫోమాను తలపించేలా ఉంటాయి. తొందరపడితే లేని క్యాన్సర్ అంటగట్టినట్టవుతుంది. రిపోర్టు రాకముందే స్టెరాయిడ్లు మొదలుపెట్టడం వల్ల ఇంకో నష్టం, మిగతా చోట్ల ఉన్న గడ్డలు కరిగిపోయి ఆనవాళ్లు చెరిగిపోతాయి.

"ప్లీహం పగిలింది కదా, క్యాన్సర్ కడుపంతా చిమ్మిందా?" అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. లింఫోమా మొదటి నుంచీ రక్తం వెంట, లింఫు వెంట తిరిగే జబ్బు. దాని చికిత్స ఎలాగూ ఒళ్లంతా తిరిగే మందులతోనే. రక్తం ఆపడానికి చేసిన ఆపరేషన్ క్యాన్సర్‌కు చేసినట్టు కాదన్నది మాత్రం వాళ్లకు విడమరిచి చెప్పాలి. కుట్లు మానగానే జబ్బు తగ్గిందనుకుని మళ్లీ ఆసుపత్రి గడప తొక్కనివాళ్లు ఉంటారు. డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ రకానికి ఏళ్లుగా ఇస్తున్నది ఆర్-చాప్ అనే ఐదు మందుల కలయిక, మూడు వారాలకోసారి, సాధారణంగా ఆరు విడతలు. దాంతో సగానికి పైగా మందికి జబ్బు పూర్తిగా నయమవుతుంది. అందులో ఆర్ అంటే రిటుక్సిమాబ్. ఆ మందుకు ప్రపంచంలోనే మొదటి బయోసిమిలర్‌ను, అంటే అసలు మందుకు దాదాపు సమానమైన రూపాన్ని, 2007లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 'రెడిటక్స్' పేరుతో తెచ్చింది.

చికిత్స నడుస్తుండగా ప్లీహం పగిలిన సందర్భాలూ ఉన్నాయి. కీమోకు లింఫోమా ముద్దలు ఒక్కసారిగా చచ్చి కరిగినప్పుడు పొర బలహీనపడొచ్చు. తెల్లకణాలు పెంచడానికి ఇచ్చే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్ల వివరాల పత్రంలో ప్లీహం పగలడం గురించి హెచ్చరిక ఉంటుంది. ఆ ఇంజెక్షన్ల రోజుల్లో ఎడమ డొక్కలోనో ఎడమ భుజంలోనో నొప్పి వస్తే ఒళ్లు నొప్పుల మాత్ర వేసుకుని పడుకోకూడదు, ఫోన్ చేయాలి.

ముందే పట్టుకోగలమా అంటే, పగిలే రోజును కాదు గానీ పెరిగే ప్లీహాన్ని పట్టుకోవచ్చు. నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోయినట్టుండటం దీని పాత గుర్తు, ఉబ్బిన ప్లీహం జీర్ణాశయాన్ని నొక్కుతుంది కాబట్టి. ఎడమ పక్క బరువు, రాత్రి దుప్పటి తడిసేంత చెమట, ఆరు నెలల్లో పదో వంతు బరువు తగ్గడం, అంతుపట్టని జ్వరం దానికి తోడైతే గ్యాస్ మాత్రలతో నెలలు నెట్టుకురావడం తగదు. పొట్ట తడిమి చూసే డాక్టరు చెయ్యి కుడి పక్క కింది నుంచి మొదలవ్వాలి. ప్లీహం పెరిగేది బొడ్డు మీదుగా అటువైపే. పైన పక్కటెముకల దగ్గరే వెతికితే చెయ్యి పెద్ద ప్లీహం మీదే ఉండి, అంచు దొరక్క, ఏమీ లేదనిపిస్తుంది. వేళ్లు మెత్తగా ఉంచాలన్నది కూడా పాత పాఠమే. బల్లకు వాతలు పెట్టించడం, గట్టిగా మర్దన చేయించడం లాంటి మొరటు వైద్యాల సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

ప్లీహం పోయిన మనిషికి కొత్త జాగ్రత్తలు మొదలవుతాయి. న్యుమోకాకస్, మెనింగోకాకస్, హిబ్ (హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే టైప్ బి) అనే మూడు రకాల బ్యాక్టీరియాను రక్తంలోంచి ఏరిపారేసే ముఖ్యమైన కాపలా ప్లీహానిదే. అది లేనప్పుడు ఇవి సోకితే పొద్దున జ్వరంగా మొదలైంది రాత్రికి ప్రాణం మీదికి రావొచ్చు. ముందే అనుకున్న ఆపరేషన్ అయితే టీకాలు రెండు వారాల ముందు వేస్తారు. పగిలినప్పుడు ఆ అవకాశం ఉండదు కాబట్టి ఆపరేషనైన 14 రోజులకు వేయడం పద్ధతి. లింఫోమా రోగికి ఇక్కడే పేచీ. రిటుక్సిమాబ్ మొదలుపెడితే టీకాకు స్పందించాల్సిన బి కణాలనే అది తుడిచిపెడుతుంది, కనీసం ఆరు నెలలు టీకా సరిగా పనిచేయదు. కీమోను ఆపి టీకా వేయాలా, టీకాను వదిలి కీమో మొదలుపెట్టాలా అన్నది జబ్బు దూకుడును బట్టి డాక్టర్లు తేల్చుకోవాలి. వీలైన చోట ఆ రెండు వారాల సందులో టీకాలు వేసేయడమే తెలివైన పని. ఆపైన కూడా జ్వరం వస్తే రేపు చూద్దామనుకోకుండా వెంటనే యాంటీబయాటిక్ పడాలి. కుక్క కరిచినా, మలేరియా ఉన్న ఏజెన్సీ ఊళ్లకు వెళ్లాల్సొచ్చినా ప్లీహం లేదన్న సంగతి ముందుగా చెప్పాలి.

చెప్పడం మరిచిపోయినా రక్తం చెబుతుంది. కొత్తగా పుట్టిన ఎర్రకణాల్లో మిగిలిపోయిన కేంద్రకం తునకలను తీసేసే పని ప్లీహానిది. అది లేనివాళ్ల రక్తంలో ఆ తునకలు అలాగే ఉండిపోతాయి. ఆపరేషనైన ఇరవై ఏళ్లకు, ఏ ఊరి ల్యాబులోనైనా గాజుపలక మీద ఒక చుక్క పూసి చూస్తే, కొన్ని ఎర్రకణాల లోపల సూదిమొనంత నల్లటి చుక్క ఒక్కొక్కటి కనిపిస్తుంది. హోవెల్-జాలీ బాడీ అంటారు దాన్ని. టెక్నీషియన్ తలెత్తి, "ఎప్పుడైనా కడుపు ఆపరేషనైందా?" అని అడుగుతాడు.